ఒకే వేళకు రెండు పనులు: టైప్ చార్ట్‌లో కుదిరిన టీమ్ ఆటలో ఎందుకు కుదరలేదు

నేపథ్యం

పోకెమాన్ వీడియో గేమ్‌లో సింగిల్స్ (ఒక్కో వైపు ఒక్కో పోకెమాన్ ఎదురెదురుగా నిలిచే పోరు) ఆడేవాళ్లకు టీమ్ కట్టుకోవడంలో కొన్నేళ్లుగా సాయం చేస్తున్నాను. నా దగ్గరికి వచ్చే టీమ్‌లలో చాలావాటికి జబ్బు చూడగానే తెలిసిపోతుంది. అందరూ దాడి చేసేవాళ్లే ఉంటారు, లేదంటే నాలుగింటికి ఒకే బలహీనత ఉంటుంది, లేదంటే స్టెల్త్ రాక్ (ఎదుటివాళ్లు మన వైపు పరిచే రాళ్లు, లోపలికి వచ్చే పోకెమాన్‌కు తగులుతాయి) తీసేవాళ్లే ఉండరు. ఈ కేసులో అలాంటిదేమీ లేదు. ఆరూ మంచి పోకెమాన్లే. ఎవరి పని వాళ్లకుంది. అయినా టీమ్ ఓడుతూనే ఉంది. అందుకే దీన్ని వివరంగా రాసి పెడుతున్నాను. ప్లేయర్ ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఆమె పేరు, ఆడే పేరు, టోర్నమెంట్ల వివరాలు తీసేశాను.

ఆడేది తొమ్మిదో జనరేషన్, అంటే 2022లో వచ్చిన స్కార్లెట్, వయొలెట్ ఆటల నియమాలతో, షోడౌన్ అనే ఆన్‌లైన్ సిమ్యులేటర్‌లో, స్మోగన్ అనే ఆటగాళ్ల సంఘం నియమాలు పెట్టే ఓయూ ఫార్మాట్. ఆరుగురితో ఆరుగురు, అందరూ లెవెల్ 100. మ్యాచ్ మొదలయ్యే ముందే ఎదుటివాళ్ల ఆరుగురూ కనబడతారు. మ్యాచ్ మొత్తంలో ఒక్కసారి మాత్రం ఒక పోకెమాన్‌ను టెరా చేసి టైప్ మార్చుకోవచ్చు. అధికారిక వీజీసీ పోటీల్లో డబుల్స్ ఆడతారు, ఆరింటిలో నాలుగే బరిలోకి దిగుతాయి. అక్కడ లెక్కలు వేరు. నేను ఇక్కడ చెప్పేదంతా సింగిల్స్ గురించే.

ఆమెకు ఆట బాగా తెలుసు. డ్యామేజ్ కాలిక్యులేటర్ వాడడం తెలుసు. ఎదుటివాళ్లు స్విచ్ చేస్తారా, నిలబడతారా అని ఊహించడంలో నా దగ్గరికి వచ్చే చాలామంది కంటే మెరుగు. రేటింగ్ మాత్రం చాలాకాలంగా 1500ల దగ్గరే ఆగిపోయింది.

సమస్య

ఆమె తెచ్చిన టీమ్ ఇది. గ్రేట్ టస్క్, టాక్సాపెక్స్, రోటమ్-వాష్, గోల్డెంగో, డ్రాగనైట్, డ్రాగపల్ట్. గ్రేట్ టస్క్ స్టెల్త్ రాక్ పెడుతుంది, ఎదుటివాళ్లు పెట్టినదాన్ని ర్యాపిడ్ స్పిన్‌తో తీస్తుంది. టాక్సాపెక్స్ వాల్, అంటే దెబ్బలు తింటూ నిలబడేది. రోటమ్ వోల్ట్ స్విచ్‌తో మిగతావాళ్లను లోపలికి తెస్తుంది, విల్-ఓ-విస్ప్‌తో ఫిజికల్ అటాకర్లను కాల్చి వాళ్ల అటాక్‌ను సగం చేస్తుంది. గోల్డెంగో స్పెషల్ అటాకర్. డ్రాగపల్ట్ వేగానికి. డ్రాగనైట్ చివర్లో డ్రాగన్ డాన్స్ వేసి (అటాక్, వేగం పెరుగుతాయి) ముగించడానికి.

టైప్ చార్ట్ (ఏ టైప్ దాడి ఏ టైప్‌కు ఎంత తగులుతుందో చెప్పే పట్టిక) కూడా పక్కనే పెట్టి చూపించింది. పద్దెనిమిది టైపుల్లో ఘోస్ట్ ఒక్కటి వదిలేస్తే, ప్రతి టైపు దాడినీ తట్టుకునే పోకెమాన్ కనీసం ఒకటి ఉంది.

"నా వైపు తప్పు కనబడట్లేదన్నా. మొదటి సగం నాదే. చివర్లో ఎదుటివాళ్ల కింగాంబిట్ వచ్చి ఊడ్చేస్తోంది. లక్ కలిసి రావట్లేదేమో" అంది.

లక్ అనే మాటను నేను వెంటనే కొట్టిపారేయను. ఈ ఆటలో క్రిటికల్ హిట్‌లు ఉన్నాయి, గురి తప్పే మూవ్‌లు ఉన్నాయి. విల్-ఓ-విస్ప్ తగిలే అవకాశం 85 శాతమే. కానీ లక్ వల్ల వచ్చే ఓటములు రకరకాలుగా ఉంటాయి. ఒకే పోకెమాన్ చేతిలో, మ్యాచ్‌లో ఒకే దశలో మళ్లీ మళ్లీ ఓడుతున్నామంటే కారణం టీమ్‌లోనే ఉంది. గెలిచిన మ్యాచ్‌లు వద్దని, ఓడిన రీప్లేలు మాత్రం పంపమని అడిగాను.

రీప్లేలలో కనబడింది

ఒక మ్యాచ్‌ను దగ్గరగా చూపిస్తాను, మిగతావి చాలావరకు ఇలాగే నడిచాయి.

ఎదుటివాళ్లు గార్‌చాంప్‌తో స్టెల్త్ రాక్ పెట్టారు. డ్రాగనైట్‌కు రాక్ టైప్ రెట్టింపు తగులుతుంది కాబట్టి లోపలికి వచ్చిన ప్రతిసారీ పావు వంతు హెచ్‌పీ (ప్రాణశక్తి) పోతుంది. అంతకన్నా పెద్ద నష్టం మల్టీస్కేల్ ఎబిలిటీ పనిచేయకపోవడం, ఎందుకంటే హెచ్‌పీ నిండుగా ఉన్నప్పుడే అది దెబ్బను సగం చేస్తుంది. కాబట్టి రాళ్లు తీయాల్సిందే. గ్రేట్ టస్క్ వచ్చింది, స్పిన్ నొక్కింది. అదే టర్న్‌లో ఎదుటివాళ్లు గోల్డెంగోను దించారు. ర్యాపిడ్ స్పిన్ నార్మల్ టైప్, గోల్డెంగో ఘోస్ట్. తగల్లేదు, రాళ్లు పోలేదు. తర్వాతి టర్న్ హెడ్‌లాంగ్ రష్ వేసింది. గోల్డెంగో చేతిలో ఎయిర్ బెలూన్ ఉంది, గ్రౌండ్ దాడి కూడా తగల్లేదు. బదులుగా వచ్చిన షాడో బాల్‌తో టస్క్ హెచ్‌పీ సగానికి పైగా పోయింది. టస్క్ డిఫెన్స్ బేస్ (ఆ జాతికి పుట్టుకతో ఉండే అంకె) 131, స్పెషల్ డిఫెన్స్ బేస్ 53 మాత్రమే. ఆ వైపు నుంచి వచ్చే ఏ దెబ్బనైనా అది గట్టిగానే తింటుంది.

మ్యాచ్ సాగింది. రాళ్లను తీయడానికి టస్క్ మళ్లీ రావాల్సి వచ్చింది, ఈసారి తీయగలిగింది కూడా. ఆపాటికి దాని హెచ్‌పీ మూడో వంతు కంటే తక్కువకు వచ్చేసింది.

చివర్లో కింగాంబిట్ దిగింది. అప్పటికి ఎదుటివైపు నలుగురు పడిపోయారు. సుప్రీమ్ ఓవర్‌లార్డ్ ఎబిలిటీ పడిపోయిన ఒక్కో సహచరుడికి 10 శాతం చొప్పున బలం పెంచుతుంది, గరిష్ఠంగా 50 శాతం. అటాక్‌ను రెట్టింపు చేసే స్వోర్డ్స్ డాన్స్ ఒకటి వేసింది. ఆమె దగ్గర డార్క్ దాడిని తట్టుకునేది గ్రేట్ టస్క్ ఒక్కటే. నిండు హెచ్‌పీతో ఉండి ఉంటే సకర్ పంచ్‌ను తట్టుకుని, క్లోజ్ కంబాట్‌తో కింగాంబిట్‌ను పడగొట్టేది. డార్క్, స్టీల్ రెండింటికీ ఫైటింగ్ పడదు కాబట్టి నాలుగింతలు తగులుతుంది. కానీ మిగిలిన ఆ కొంచెం హెచ్‌పీతో సకర్ పంచ్ ఒక్కదానికే పడిపోయింది. మిగతా ఇద్దరూ వరసగా పోయారు.

ఈ మ్యాచ్‌లో ఆమె నొక్కిన బటన్లలో పెద్దగా తప్పులేమీ లేవు. రాళ్లు తీయడం సరైనదే. చివరి దాకా టస్క్‌ను దాచిపెట్టాలనుకోవడం కూడా సరైనదే. రెండూ చేయడం కుదరదు, అంతే.

మొదట చేసి చూసినవి

నా దగ్గరికి రాకముందు ఆమె చేస్తూ వచ్చింది చాలామంది చేసేదే. ఏ పోకెమాన్ చేతిలో ఓడితే దానికి విరుగుడు తెచ్చి టీమ్‌లో పెట్టడం. కింగాంబిట్ చేతిలో ఓడితే ఒక ఫైటింగ్ టైప్, వర్షం టీమ్ చేతిలో ఓడితే ఒక గ్రాస్ టైప్. ఇలా చేస్తే రంధ్రం చోటు మారుతుందే తప్ప పూడదు. పైగా ఆరింటిలో ఒకటి మారితే మిగతా ఐదింటి పనులు కూడా మారిపోతాయి. ఆ లెక్క మళ్లీ వేసుకోకుండానే తర్వాతి మ్యాచ్‌లోకి వెళ్లిపోతుంటారు.

అందుకే మొదట ఎవరినీ మార్చకుండా సెట్లు (ఒక్కో పోకెమాన్‌కు ఇచ్చే మూవ్‌లు, వస్తువు, అంకెలు) మాత్రమే మార్చి చూద్దామన్నాను. నా ఆలోచన ఇది. సమస్య నిజంగా పనులు ఒకచోట పోగుపడడమే అయితే, ఆ పనుల్లో ఒకదాన్ని తేలిక చేసినా తేడా కనబడాలి. కనబడితే రోగం సరిగ్గానే పట్టుకున్నామని తెలుస్తుంది.

డ్రాగనైట్ చేతిలో ఉన్న లమ్ బెర్రీ తీసి హెవీ-డ్యూటీ బూట్స్ ఇచ్చాం. బూట్స్ ఉంటే నేల మీది రాళ్లు, ముళ్లు ఏవీ తగలవు. రాళ్లు తీయడం అంత అత్యవసరం కాదు కాబట్టి టస్క్ ఊపిరి పీల్చుకుంటుందని అనుకున్నాం.

తేడా కనబడింది. డ్రాగనైట్ మల్టీస్కేల్‌తో దిగడం మొదలుపెట్టింది, కొన్ని మ్యాచ్‌లు దాని వల్లే గెలిచింది. కానీ చివరి దశలో ఓడే మ్యాచ్‌లు పెద్దగా తగ్గలేదు. మళ్లీ రీప్లేలు చూస్తే కారణం దొరికింది. డ్రాగనైట్‌కు బూట్స్ ఉన్నా మిగతావాళ్లకు లేవు. రోటమ్‌కు తనంతట తాను హెచ్‌పీ నింపుకునే నమ్మకమైన మూవ్ లేదు, వోల్ట్ స్విచ్‌తో లోపలికీ బయటికీ తిరిగే పాత్ర కాబట్టి వచ్చిన ప్రతిసారీ ఎనిమిదో వంతు పోగొట్టుకుంటుంది. కాబట్టి స్పిన్ అవసరం తగ్గిందే తప్ప పోలేదు. కింగాంబిట్‌ను ఆపే పని మాత్రం ఇంకా టస్క్ ఒక్కదాని మీదే ఉంది.

రెండోసారి డ్రాగపల్ట్ తీసేసి ఐరన్ వేలియంట్‌ను పెట్టాం. ఇది ఆమె సూచన. టైప్ చార్ట్ చూస్తే ఎవరికైనా అదే తడుతుంది. ఐరన్ వేలియంట్ ఫెయిరీ, ఫైటింగ్. రెండూ డార్క్‌ను తట్టుకుంటాయి కాబట్టి డార్క్ దాడి పావు వంతే తగులుతుంది. వేగం కూడా బాగుంది. పనికొస్తుందా లేదా అని నాకు సందేహం ఉన్నా వద్దనలేదు. ఒక పోకెమాన్ చార్ట్‌లో దాడిని తట్టుకోవడం వేరు, మ్యాచ్‌లో ఆ దాడికి ఎదురుగా లోపలికి రాగలగడం వేరు. ఈ తేడాను మాటల్లో చెప్తే తల ఊపుతారు గానీ, ఆడి చూస్తే మర్చిపోరు.

కింగాంబిట్ దగ్గర డార్క్ ఒక్కటే ఉండదు. ఐరన్ హెడ్ కూడా ఉంటుంది, ఫెయిరీకి స్టీల్ రెట్టింపు తగులుతుంది. వేలియంట్ హెచ్‌పీ బేస్ 74, డిఫెన్స్ 90. స్విచ్ చేసిన టర్న్‌లో డార్క్ మూవ్ వస్తుందా, ఐరన్ హెడ్ వస్తుందా అన్నది ప్రతిసారీ ఊహించాల్సిందే. ఊహ తప్పితే వేలియంట్ పోయినట్టే. నాలుగు మ్యాచ్‌లలో మూడుసార్లు సరిగ్గా ఊహించినా, నాలుగోది ఓడుతుంది. పైగా డ్రాగపల్ట్ తీసేసినందువల్ల అంతకుముందు లేని వేగం సమస్య కొత్తగా వచ్చింది.

పనుల పట్టిక

ఇక్కడ ఆగి, ఆమెతో ఒక పట్టిక రాయించాను. ఒక్కో పోకెమాన్ ఎదురుగా అది చేసే పనులు. ఇంతవరకూ అందరూ రాస్తారు. పక్కన ఇంకో గడి గీయించాను. ఆ పని మ్యాచ్‌లో ఎప్పుడు పడుతుంది, ఆ పనికి ఎంత హెచ్‌పీ కావాలి అన్నది అందులో రాయాలి.

గ్రేట్ టస్క్ వరస ఇలా వచ్చింది. స్టెల్త్ రాక్ పెట్టడం మొదట్లో పడే పని, హెచ్‌పీ పెద్దగా ఖర్చు కాదు. రాళ్లు తీయడం మధ్యలో, గోల్డెంగో ఉన్న టీమ్ ఎదురైతే చాలా ఖర్చు. ఎలక్ట్రిక్ దాడులకు అడ్డుపడడం ఎప్పుడైనా పడవచ్చు, ఖర్చు లేదు. కింగాంబిట్‌ను ఆపడం చివర్లో, హెచ్‌పీ నిండుగా ఉండాలి.

రాళ్లు పెట్టడానికీ కింగాంబిట్‌ను ఆపడానికీ గొడవ లేదు. ఒకటి మొదట్లో, ఇంకోటి చివర్లో, మధ్యలో హెచ్‌పీ ఖర్చు లేదు. రాళ్లు తీయడానికీ కింగాంబిట్‌ను ఆపడానికీ మాత్రం గొడవ ఉంది. మొదటిది ఖర్చు చేసే హెచ్‌పీనే రెండోదానికి కావాలి. టీమ్‌లో ఒక పోకెమాన్‌కు ఎన్ని పనులున్నాయని అందరం లెక్కపెడతాం. నాలుగు పనులున్నా ఇబ్బంది లేకపోవచ్చు, రెండే ఉన్నా మునిగిపోవచ్చు. ఆ పనులు ఒకే హెచ్‌పీ మీద పడుతున్నాయా, ఒకే వేళకు వస్తున్నాయా అన్నదే చూడాలి.

టెరా వరస రాసేసరికి ఆమెకే వెలిగింది. మ్యాచ్‌కు ఒక్కసారే దొరికే టెరాను ఎప్పుడూ డ్రాగనైట్ కోసమే దాచేది, నార్మల్ టెరాతో ఎక్స్‌ట్రీమ్ స్పీడ్ బలం పెంచడానికి. మధ్యలో గోల్డెంగోకు టెరా వాడి ఉంటే నిలబడేదే అనిపించిన మ్యాచ్‌లు కూడా ఆ రీప్లేలలో ఉన్నాయి. ఇదీ అదే గొడవ. ఒకే వనరు, ఇద్దరు ఎదురుచూస్తున్నారు.

ఏ పనిని కదపాలి

టస్క్ మీద గొడవపడుతున్న రెండు పనుల్లో ఏదో ఒకటి వేరేవాళ్లకు ఇవ్వాలి. ఏది?

రాళ్లు తీసే పని ఇంకొకరికి ఇవ్వడం మొదట తట్టే ఆలోచన. రాళ్లను తీసే డిఫాగ్ మూవ్ తెలిసిన కోర్వినైట్‌ను పెడితే సరిపోతుందేమో అంది. ఇక్కడ చాలామంది జారిపోతారు. గోల్డెంగో ఎబిలిటీ గుడ్ యాజ్ గోల్డ్ తనకు తగిలే స్టేటస్ మూవ్‌లన్నింటినీ (నేరుగా దెబ్బ తీయని మూవ్‌లు) అడ్డుకుంటుంది, డిఫాగ్ కూడా అందులో పడుతుంది. ఘోస్ట్ టైప్ కాబట్టి స్పిన్‌ను ఎలాగూ అడ్డుకుంటుంది. అంటే రాళ్లు తీసేవాళ్లను ఇద్దరిని పెట్టినా, ఇద్దరికీ అడ్డుపడేది ఒక్కటే. గోల్డెంగో ఎదురైనప్పుడు రెండోవాళ్లు బీమా కిందికి రారు.

కాబట్టి రాళ్లు తీయడం టస్క్ దగ్గరే ఉంచి, కింగాంబిట్ భారాన్ని పంచుకునేవాళ్లను వెతకాలి. వేలియంట్‌తో నేర్చుకున్నది ఇక్కడ పనికొచ్చింది. కావలసింది డార్క్‌ను తట్టుకునే టైప్ మాత్రమే కాదు, స్టీల్ దెబ్బ తగిలినా నిలబడే శరీరం కూడా. టింగ్-లూ ఆ రెండూ కలిసినది. డార్క్, గ్రౌండ్. హెచ్‌పీ బేస్ 155, డిఫెన్స్ 125. కింగాంబిట్ డార్క్ దాడి సగమే తగులుతుంది, ఐరన్ హెడ్ మామూలుగా తగులుతుంది, బదులుగా వేసే ఎర్త్‌క్వేక్ రెట్టింపు తగులుతుంది. స్వోర్డ్స్ డాన్స్ వేసి బలం పెంచుకుంటే వర్ల్‌విండ్‌తో బయటికి ఊదేయవచ్చు, పెంచుకున్నదంతా పోతుంది. స్టెల్త్ రాక్ పెట్టే పని కూడా టస్క్ నుంచి దీనికి మార్చాం. టైప్ చార్ట్‌లో ఖాళీగా ఉన్న ఘోస్ట్ గడి కూడా దీనితో నిండింది.

ఎవరిని తీయాలన్నది దీనికంటే కష్టమైన ప్రశ్న. టాక్సాపెక్స్‌ను తీద్దామన్నాను. ఆమెకు ఇష్టం లేదు, ఆ టీమ్‌లో ఎక్కువసేపు బతికేది అదే. కానీ అది బతికి ఉన్న టర్న్‌లలో ఎదుటివాళ్లు ఏం చేస్తున్నారో చూడమన్నాను. స్పెషల్ అటాక్ పెంచే నాస్టీ ప్లాట్ వేస్తున్నారు, స్వోర్డ్స్ డాన్స్ వేస్తున్నారు, ముళ్లు పరుస్తున్నారు. ఈ జనరేషన్‌లో టాక్సాపెక్స్‌కు స్కాల్డ్, నాక్ ఆఫ్ రెండూ పోయాయి. రికవర్ కూడా ముందు జనరేషన్‌లో గరిష్ఠంగా 16 సార్లు వాడగలిగేది, ఇప్పుడు 8 సార్లే. ఎదురుగా నిలబడి బెదిరించలేని వాల్, ఎక్కువసేపు నిలబడనూ లేదు. మన పోకెమాన్ బతికి ఉండడం వల్ల ఎదుటివాళ్లకు లాభం కలుగుతుంటే దాన్ని డిఫెన్స్ అనలేం.

టాక్సాపెక్స్ చోట కోర్వినైట్ వచ్చింది. ఫెయిరీని తట్టుకునే పని దానికిచ్చాం. రోటమ్ చేసే గ్రౌండ్‌ను అడ్డుకోవడం, మిగతావాళ్లను లోపలికి తేవడం కూడా అదే చేస్తుంది, రూస్ట్‌తో సగం హెచ్‌పీ నింపుకుంటుంది. కాబట్టి రోటమ్ అవసరం తీరిపోయి, ఆ చోటు టింగ్-లూకు దొరికింది. కోర్వినైట్ యూ-టర్న్‌లో (దాడి చేసి వెనక్కి వెళ్లి ఇంకొకరిని పంపే మూవ్) ఒక మంచి గుణం ఉంది. దాని వేగం బేస్ 67 మాత్రమే, సాధారణంగా ఎదుటివాళ్లే ముందు దాడి చేస్తారు. ఆ దెబ్బ కోర్వినైట్ తిన్నాక యూ-టర్న్ జరుగుతుంది, లోపలికి వచ్చిన డ్రాగనైట్‌కు గానీ గోల్డెంగోకు గానీ ఆ టర్న్‌లో దెబ్బ తగలదు. వేగంగా లేకపోవడమే ఇక్కడ ఉపయోగం.

టస్క్ సెట్‌లో స్టెల్త్ రాక్ పోయిన ఖాళీలో నాక్ ఆఫ్ వచ్చింది. గోల్డెంగో స్పిన్‌కు అడ్డురావడానికి దిగితే ఇప్పుడు బెలూన్ ఉన్నా డార్క్ దెబ్బ రెట్టింపు తగులుతుంది, బెలూనూ పోతుంది. అడ్డురావడం ఇకనుంచి వాళ్లకు ఉచితం కాదు.

వేలియంట్‌ను తీసి డ్రాగపల్ట్‌ను వెనక్కి తెచ్చాం. ఆఖరి టీమ్ గ్రేట్ టస్క్, టింగ్-లూ, కోర్వినైట్, గోల్డెంగో, డ్రాగనైట్, డ్రాగపల్ట్. టైప్ చార్ట్‌లో పెడితే ఇది పాతదానికంటే అందవికారంగా ఉంటుంది. రెండు గ్రౌండ్ టైపులు, రెండింటికీ వాటర్, గ్రాస్, ఐస్, ఫెయిరీ పడవు. ఆమె వెంటనే పట్టుకుంది ఆ విషయాన్ని. "ఇది బ్యాలెన్స్ ఎలా అవుతుందన్నా, రెండూ ఒకేలా ఉన్నాయి కదా?" నా జవాబు, ఒకేలా ఉండడమే మనకు కావాలి. కింగాంబిట్ ముందు ఒకటి అరిగిపోయినా ఇంకోటి ఉంటుంది. చార్ట్‌లో బలహీనత రెండుసార్లు కనబడుతుంది గానీ, పట్టికలో గొడవపడే పని ఒక్కటి కూడా మిగల్లేదు.

మ్యాచ్‌లో తీసుకునే నిర్ణయం

కొత్త టీమ్‌తో ఆడడం మొదలుపెట్టాక తొలి రోజుల్లో ఆమె టస్క్‌నూ టింగ్-లూనూ రెండింటినీ దాచేది. పాత అలవాటు. రెండూ దాస్తే మధ్య దశలో దెబ్బలు తినేవాళ్లు ఉండరు. కాబట్టి ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఎదుటివాళ్ల ఆరుగురూ కనబడగానే, వీటిలో దేన్ని ఖర్చు చేయాలో, దేన్ని ఆఖరికి ఉంచాలో నిర్ణయించుకోవాలి.

గోల్డెంగో, కింగాంబిట్ రెండూ ఉంటే మామూలుగా టస్క్‌ను ఖర్చు పెట్టి టింగ్-లూను ఉంచాలి. అయితే కింగాంబిట్ లో కిక్ చూపిస్తే నిర్ణయం తిరగబడుతుంది. లో కిక్ బలం ఎదుటి పోకెమాన్ బరువును బట్టి ఉంటుంది. టింగ్-లూ చాలా బరువు కాబట్టి పూర్తి 120 పవర్‌తో వస్తుంది, పైగా డార్క్‌కు ఫైటింగ్ పడదు. టస్క్‌కు అదే మూవ్ మామూలుగానే తగులుతుంది. అప్పుడు టింగ్-లూను ముందుకు తోసి టస్క్‌ను వెనక్కి పెట్టాలి. మధ్యలో సమాచారం దొరికినప్పుడు మనసు మార్చుకోగలగడం ఒక పనికి ఇద్దరు ఉంటేనే కుదురుతుంది.

డ్రాగనైట్ వేగం గురించి కూడా చెప్పాలి. ఆమె దాన్ని అటాక్ పెంచే అడమంట్ నేచర్‌తో, స్పీడ్‌లో 252 ఈవీలతో (శిక్షణ పాయింట్లు, ఒక స్టాట్‌కు ఇదే గరిష్ఠం) ఆడేది. ఎక్స్‌ట్రీమ్ స్పీడ్ ఎలాగూ ముందే వెళ్తుంది కదా, వేగం కంటే బలం మేలని వాదన. వాదన సబబే, ఒక్క డ్రాగపల్ట్ విషయంలో తప్ప. డ్రాగపల్ట్ ఘోస్ట్, ఎక్స్‌ట్రీమ్ స్పీడ్ దానికి తగలదు. దాని గరిష్ఠ స్పీడ్ 421. అడమంట్ డ్రాగనైట్ ఒక డ్రాగన్ డాన్స్ తర్వాత 388కి వస్తుంది, వేగం పెంచే జాలీ నేచర్‌తో అయితే 426. ఐదు పాయింట్ల తేడాతో ముందు వెళ్తుంది. అలా ముందు వెళ్లి వేసిన ఎర్త్‌క్వేక్ నిండు హెచ్‌పీ డ్రాగపల్ట్‌ను ఒక్క దెబ్బకు పడగొట్టదు, సుమారు మూడింట రెండు వంతుల నుంచి దాదాపు ఐదింట నాలుగు వంతుల దాకా తీస్తుంది. కాబట్టి డ్రాగపల్ట్ ముందే కొంత అరిగి ఉండాలి. జాలీకి మార్చడమంటే, డ్రాగనైట్ దిగేలోపు డ్రాగపల్ట్‌ను కనీసం మూడో వంతు తగ్గించే బాధ్యతను మిగతా టీమ్ తీసుకోవడం. టింగ్-లూ పెట్టిన రాళ్లు కొంత పని చేస్తాయి, టింగ్-లూ మీదికి డ్రాగపల్ట్ వేసే ఘోస్ట్ దాడులు పెద్దగా తగలవు కాబట్టి మిగతాదానికి వీలు దొరుకుతుంది. నేచర్ మార్చడం చిన్న విషయంలా కనబడుతుంది, కానీ మిగతా ఐదుగురి పని మారకుండా అది మారదు.

టెరాకు కూడా ఇలాగే ముందు నుంచే లెక్క వేసుకోవడం నేర్చుకుంది. ఎదుటివాళ్ల టీమ్‌లో ఎక్స్‌ట్రీమ్ స్పీడ్‌ను తట్టుకునే స్టీల్, రాక్ టైపులు ఎక్కువుంటే డ్రాగనైట్ కోసం దాచడంలో అర్థం లేదు, మధ్యలోనే వాడేస్తుంది.

ఏం మారింది

రేటింగ్ కొన్ని వారాల్లో 1600లు దాటి 1700ల దగ్గరికి వెళ్లింది. ఈ అంకెకు నేను పెద్ద విలువ ఇవ్వను, లాడర్‌లో (రేటింగ్ కోసం ఆడే మ్యాచ్‌లు) ఒక వారం బాగుంటుంది, ఒక వారం బాగుండదు. నేను చూసింది ఓడిన మ్యాచ్‌ల తీరు. కింగాంబిట్ ఒక్కటే ఊడ్చేసిన ఓటములు దాదాపు కనబడడం మానేశాయి. ఓటములు ఇప్పుడు రకరకాల కారణాలతో వస్తున్నాయి. ఒకదాంట్లో ఊహ తప్పింది, ఇంకోదాంట్లో క్రిటికల్ హిట్, మరోదాంట్లో నిజంగానే ఎదుటివాళ్లు మెరుగ్గా ఆడారు.

కొత్త టీమ్‌కు దాని బలహీనత దానికుంది. వెల్‌స్ప్రింగ్ ఓగర్‌పాన్, అంటే 2023లో టీల్ మాస్క్ అదనపు భాగంతో వచ్చిన వాటర్, గ్రాస్ పోకెమాన్. రెండు గ్రౌండ్‌లకూ దాని రెండు టైపులూ పడవు. ఎదురుగా నమ్మకంగా దిగగలిగేది డ్రాగనైట్ ఒక్కటే, వాటర్ సగం, గ్రాస్ పావు వంతు తగులుతాయి. డ్రాగపల్ట్ తట్టుకుంటుంది గానీ ఒకటి రెండుసార్లకు మించి నిలబడదు.

డ్రాగనైట్‌కు ఇప్పుడు రెండు పనులయ్యాయి కదా అని ఆమే అడిగింది. మంచి ప్రశ్న. పట్టిక తీసి చూశాం. ఓగర్‌పాన్‌ను అడ్డుకోవడం మధ్యలో పడే పని, ముగించడం చివర్లో. మధ్యలో పోయిన హెచ్‌పీని రూస్ట్‌తో నింపుకుంటే మల్టీస్కేల్ మళ్లీ పనిచేస్తుంది. అంటే ఒక పని ఖర్చు చేసింది ఇంకో పని మొదలయ్యేలోపు తిరిగి వస్తుంది, టస్క్‌కు ఆ వీలు లేదు. అందుకే డ్రాగనైట్ నాలుగో మూవ్‌గా రూస్ట్ పెట్టాం. దాని కోసం ఒక అటాకింగ్ మూవ్ వదులుకున్నాం. కొన్ని స్టీల్ టైపుల ముందు ఇప్పుడు డ్రాగనైట్ ఆగిపోతుంది. వాటి సంగతి గోల్డెంగో, టస్క్ ముందే చూసుకోవాలి.

ఈ పద్ధతి అన్ని రకాల టీమ్‌లకూ నప్పదు. అందరూ దాడి చేసేవాళ్లే ఉండే హైపర్ అఫెన్స్ టీమ్‌లో ఎవరినీ దాచరు, ప్రతి ఒక్కరినీ ఒకసారి వాడి వదిలేస్తారు. అక్కడ హెచ్‌పీ గొడవ రాదు, టర్న్‌ల గొడవ వస్తుంది. ఏ టర్న్‌లో ఎవరికి సెటప్ చాన్స్ దొరుకుతుందన్నదే లెక్క. పూర్తి డిఫెన్స్ మీద నడిచే స్టాల్ టీమ్‌లో రికవరీ మూవ్ ఎన్నిసార్లు మిగిలిందన్నది హెచ్‌పీ కంటే పెద్ద లెక్క. మధ్యరకం టీమ్‌లు ఆడేవాళ్లు మాత్రం ఆరు పేర్లు ఖాయం చేసే ముందు ఆ రెండో గడి నింపి చూడండి. ఆమె ఇప్పుడు కొత్త టీమ్ మొదలుపెట్టేటప్పుడు టైప్ చార్ట్ తెరవడానికి ముందే ఈ పట్టిక గీస్తోంది. మొన్న పంపిన టీమ్‌లో పేర్లు నాలుగే ఉన్నాయి, మిగతా రెండు వరసల్లో పనులు, వేళలు మాత్రం రాసి, ఈ పనులకు ఎవరు సరిపోతారని అడిగింది.